ఆదివారం చుక్కలు

కైకలూరు,
4 జూలై 2025.

పెదనాన్నా, నమస్కారం.

ఈ రోజుల్లో ఉత్తరమేంటని పెద్దమ్మ నవ్వుతుందని తెలుసు. కానీ మీకు వినపడదని ఫోను స్పీకర్లో పెడితే మన మాటలు వీధి చివర ఇస్త్రీబండి దాకా వెళుతున్నాయి. పైగా నేను అడగబోయేది కాగితం మీద గీస్తే తప్ప తెలిసేది కాదు.

ట్రాన్స్‌ఫర్ మీద ఈ బడికి వచ్చి మూడు వారాలైంది. కైకలూరు నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు, రోడ్డుకి రెండు పక్కలా చెరువులే. తొమ్మిదో తరగతి పిల్లలకి లెక్కలు చెబుతున్నాను. నోటిలెక్కల్లో నన్నే ఓడించేస్తున్నారు గడుగ్గాయిలు. గ్రాఫు గీయమంటే మాత్రం ముగ్గులు వేస్తున్నారండీ! బడి పక్కనున్న రొయ్యల చెరువాయన నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలిచి పుస్తకంలో రాస్తాడు. ఆ లెక్కలు తెచ్చి గ్రాఫు గీయమన్నాను. పొద్దుటి చుక్క, సాయంత్రం చుక్క ఒకే గీతతో కలిపేసి రంపపు పళ్లు తెచ్చారు. ఒకటో తేదీ, రెండో తేదీ, ఐదో తేదీ, తొమ్మిదో తేదీ అన్నీ సమాన దూరంలో పెట్టేశారు. పైన పేరు లేదు, పక్కన కొలత లేదు. రంగులు మాత్రం ఆరు! రెండు గ్రాఫులు ఇందులో పెడుతున్నాను, చూడండి.

ముప్పై నాలుగేళ్లు చెప్పారు కదా, ఎక్కడ మొదలెట్టాలో చెప్పండి పెదనాన్నా. నాకు నేర్పింది కూడా మీరే, కాకపోతే నేర్చుకున్నట్టే తెలియలేదు.

ఇంకో మాట. మీరు అన్నం సగం వదిలేసి లేచిపోతున్నారని పెద్దమ్మ చెప్పింది. కూరలో ఉప్పు ఎక్కువైందా, లేక అలకా?

మీ
ప్రసూన

తాడేపల్లిగూడెం,
9 జూలై 2025.

చిరంజీవి ప్రసూనకు ఆశీస్సులు.

నీ పిల్లల గ్రాఫులు చూశాను. ఆ రంగుపెన్సిళ్లు ముందు లాక్కుని బీరువాలో పెట్టి తాళం వెయ్యి.

గ్రాఫు అంటే ఏమిటి? గీసినవాడు పక్కన లేకపోయినా చూసినవాడికి విషయం తెలియాలి. అందుకని ఒకళ్లు గీసింది ఇంకొకళ్ల చేతికివ్వు. గీసినవాళ్లు నోరు మూసుకుని కూర్చోవాలి. చూసినవాళ్లు లేచి ఇది దేని గురించో, ఏ కొలతలో ఉందో, ఏమైందో చెప్పాలి. చెప్పలేకపోతే తప్పు గీసినవాళ్లది, చూసినవాళ్లది కాదు. రెండు రోజులు ఇలా చేయించు, పేర్లూ కొలతలూ వాళ్లంతట వాళ్లే రాస్తారు. పొద్దుటి చుక్కలు, సాయంత్రం చుక్కలు వేరువేరు గుర్తులతో పెట్టించు. కొలవని రోజు చోటు ఖాళీగా వదలమను. ఆ ఖాళీ కూడా ఏదో చెబుతుంది. చుక్క కనపడగానే గీత లాగే అలవాటు మాన్పించు, ఏం ముంచుకొచ్చిందని?

ఇంక నా అన్నం సంగతి. ఇది మీ పెద్దమ్మకి తెలియకూడదు. నువ్వు ఫోను కాకుండా ఉత్తరం రాయడం మంచిదైంది.

మీ నాన్న జబ్బు మనకి తెలిసేసరికే ఆలస్యమైపోయింది కదా. నాలుగు నెలలుగా బరువు తగ్గుతుంటే ఎండలకి అనుకున్నాం. అప్పటినుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే నేను మన బాషా ఉల్లిపాయల కొట్టుకి వెళ్లి కాటా ఎక్కి బరువు రాసుకుంటున్నాను. ఒకే చోట, ఒకే వేళకి, ఒంటిమీద అదే పంచె, అదే చొక్కా. మొన్న జూన్ ఆఖరున తీరిగ్గా కూర్చుని మూడేసి నెలలకి సరాసరి తీశాను. నిరుడు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 71 కిలోలు. జనవరి నుంచి మార్చి దాకా 68.5. ఏప్రిల్ నుంచి జూన్ దాకా 66. గ్రాఫు ఇందులో పెడుతున్నాను. మూడు చుక్కలూ స్కేలు పెట్టి గీసినట్టు ఒకే గీత మీద ఉన్నాయి. ఆ గీతని ముందుకి సాగదీస్తే దీపావళి రోజులకి 61. మీ నాన్న ఆస్పత్రిలో చేరినరోజు బరువు 61. నాకు భయంగా ఉందమ్మా.

డాక్టరు దగ్గరకి వెళ్లను. మీ నాన్నకి ఆ రిపోర్టు కాగితం చేతిలో పెట్టాకే ధైర్యం పోయింది. నేను కాటా ఎక్కడం కూడా ఈ నెల మానేశాను. గ్రాఫులో అడ్డగీత డిసెంబరు దగ్గర ఆపేశాను, ఆపైన కాగితం వృథా ఎందుకని.

నా ఇత్తడి వృత్తలేఖిని నీకే. ఎవరికీ ఇవ్వనివ్వకు.

ఆశీస్సులతో
రాఘవయ్య

కైకలూరు,
14 జూలై 2025.

పెదనాన్నా,

మీ ఉత్తరం స్టాఫ్‌రూములో చదివి బాత్‌రూములోకి వెళ్లి ఏడ్చాను. నాన్న తర్వాత నాకు మీరే కదా. ఇంత విషయం మనసులో పెట్టుకుని నా పిల్లల రంగుపెన్సిళ్ల గురించి ఎలా రాయగలిగారు? కోపంగా కూడా ఉంది, చెప్పేస్తున్నాను.

ఏలూరులో మంచి డాక్టర్లున్నారు. నేను సెలవు పెట్టి వస్తాను, చేయి పట్టుకుని తీసుకెళతాను, పదండి. మీరు రానంటే పెద్దమ్మకి చెప్పేస్తాను. (చెప్పనులెండి. మాట ఇచ్చినట్టే.)

మీ గ్రాఫు నేను మళ్లీ గీశాను, ఇందులో పెడుతున్నాను చూడండి. మీరు నిలువుగీత 60 దగ్గర మొదలుపెట్టారు, అందుకే కొండమీద నుంచి దొర్లిపోతున్నట్టు కనిపిస్తోంది. నేను సున్నా నుంచి మొదలుపెట్టాను. చూశారా, ఎంత కొంచెం వాలిందో? దాదాపు చదునుగా ఉంది. మీరు అనవసరంగా బెంగపెట్టుకుంటున్నారు.

ఆ ఆదివారాల లెక్కలు రాసుకున్న పుస్తకం నాకు పంపండి. సరాసరి చూపించి ఊరుకునేవాణ్ణి నమ్మకు, అసలు అంకెలు అడుగు అని చిన్నప్పుడు మీరే చెప్పేవారు. నేను అడుగుతున్నాను.

మీ
ప్రసూన

తాడేపల్లిగూడెం,
19 జూలై 2025.

ప్రసూనా,

గ్రాఫు దగ్గుమందు కాదు, తియ్యగా చేసి తాగించడానికి. సున్నా కిలోల మనిషిని ఎక్కడైనా చూశావా? మనిషి బరువులో ఐదు కిలోల తేడా ప్రాణం మీదకి వచ్చే తేడా. దాన్ని కనపడకుండా నొక్కేసి చదునుగా ఉందంటావా? పక్కపక్కన స్తంభాలు నిలబెట్టి ఎత్తులు పోల్చేటప్పుడు సున్నా నుంచి మొదలుపెట్టి తీరాలి. చుక్కల్లో మార్పు చూసేటప్పుడు ఆ మార్పు కనపడే చోట మొదలుపెట్టాలి, ఎక్కడ మొదలుపెట్టామో పెద్దక్షరాలతో రాయాలి. ఇది నీకు తెలియక కాదు. ముసలాణ్ణి ఓదారుద్దామని తప్పు గ్రాఫు గీశావు. నీ పిల్లలు ఇలా గీస్తే మార్కులు వేస్తావా?

నీ గ్రాఫు చూశాక ఒకటి అర్థమైంది. నీకూ భయంగానే ఉంది. లేకపోతే ఇలాంటి పని చెయ్యవు.

పుస్తకం పంపుతున్నాను. వారం వారం అంకెలు ఒకటి పైకి ఒకటి కిందికి చిల్లరగా ఉంటాయి, అందుకే నేను చుక్కలు పెట్టకుండా సరాసరి తీశాను. నీ పాఠానికి పనికొస్తే వాడుకో. పోయేలోగా ఒక పాఠానికైనా పనికొస్తాను. నా పేరు మాత్రం పిల్లల దగ్గర ఎత్తకు.

మీ పెద్దమ్మ రోజూ కొత్త కూర చేస్తోంది. నిన్న పనసపొట్టు కూర. నాకెంతో ఇష్టమని తెలుసుగా, రెండు ముద్దలు కూడా దిగలేదు. దాని మొహం చూడలేకపోయాను.

రాఘవయ్య

కైకలూరు,
28 జూలై 2025.

పెదనాన్నా,

మీరు తిట్టింది నిజమే. తప్పు గ్రాఫే గీశాను. భయమేసే గీశాను. మన్నించండి.

ఇప్పుడు నేను చెప్పేది కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని చదవండి.

మీ పుస్తకంలో అంకెలు బోర్డు మీద రాశాను. మనిషి బరువంటే ఎవరని అడుగుతారని, ఒక రైతుగారి దూడ బరువు అన్నాను. గీత లాగొద్దు, ఆదివారానికి ఒక్క చుక్క పెట్టండి, కొలవని ఆదివారం ఖాళీ వదలండి అన్నాను. నిలువుగీత 60 దగ్గర మొదలుపెట్టించి ఆ సంగతి రాయించాను, మీరు చెప్పినట్టే. తర్వాత కాగితాలు మార్చుకుని చదవమన్నాను.

జెస్సీ అని మూడో బెంచీ పిల్ల లేచింది. వాళ్లమ్మ కైకలూరులో చేపల ప్యాకింగ్ షెడ్డులో తూకం దగ్గర పని చేస్తుంది. ఆ పిల్ల అడిగిన మొదటి మాట, "మేడమ్, తొమ్మిది నెలలైనా దూడ పెరగదేంటండీ?"

ముసలి దూడ అనేశాను. క్లాసంతా ఒకటే నవ్వు.

జెస్సీ నవ్వలేదు. "ఇది తగ్గటం లేదండి. ఫిబ్రవరి తొమ్మిది దాకా డెబ్భై ఒకటి దగ్గర చదునుగా ఉందండి. ఒక ఆదివారం ఖాళీ. ఇరవై మూడు నుంచి అరవై ఆరు దగ్గర మళ్లీ చదునుగా ఉందండి. మధ్యలో మెట్టు ఉంది, జారుడు లేదు. జబ్బు చేస్తే రోజూ కొంచెం కొంచెం తగ్గాలి కదండీ? మా అమ్మవాళ్ల షెడ్డులో ట్రే మార్చినప్పుడు ఇలాగే చేపల బరువు ఒక్కసారి మారిపోద్దండి. దూడ మారలేదు మేడమ్, కాటా దగ్గర ఏదో మారింది."

పెదనాన్నా, పిల్లల గ్రాఫు ఇందులో ఉంది, చూడండి. జనవరి నుంచి మార్చి దాకా మీరు పన్నెండు సార్లు బరువు చూశారు. ఆరు సార్లు 71 దగ్గర, ఆరు సార్లు 66 దగ్గర. సరాసరి తీస్తే 68.5 వచ్చింది. మీరు ఆ బరువు ఒక్క ఆదివారం కూడా లేరు! మీ జారుడు గీత ఆ లేని చుక్క మీద నిలబడింది.

ఫిబ్రవరి 16న ఏమైంది? బాషాగారి కాటా సంగతేంటి? వెంటనే రాయండి.

ప్రసూన

తాడేపల్లిగూడెం,
2 ఆగస్టు 2025.

ప్రసూనకు,

దూడా? ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, క్లాసు మధ్యలో దూడని చేసి నిలబెట్టావా? అదీ ముసలి దూడ! బాగానే ఉంది సంబడం.

ఫిబ్రవరి 16న నాకు జ్వరం. లేవలేదు. కమలాపళ్లు పట్టుకుని బాషాయే ఇంటికొచ్చాడు. తర్వాత ఆదివారం ఐదు కిలోలు తగ్గి ఉంది, జ్వరానికి అనుకున్నాను. ఆ ఐదు కిలోలు మళ్లీ రాలేదు. అదే నా భయం.

ఇంక నీ పిల్ల అన్న మాట. బాషా నా దగ్గర పదో తరగతి చదివాడు. ఇప్పటికీ నన్ను చూస్తే గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి నిలబడతాడు. వాడి తూకం తప్పంటే నేను ఒప్పుకోను. వాడిది కొత్త కాటా, కరెంటుది, సీలు కూడా ఉంది. గూడెం మార్కెట్టులో వాడి తూకం గురించి ఇన్నేళ్లలో ఒక్కడు మాట అనలేదు. ఇప్పుడు నేను వెళ్లి "ఏరా, నీ కాటా మోసమా?" అని అడగాలా? చచ్చినా అడగను. ఆ పిల్ల తెలివైనదే, ఒప్పుకుంటాను. కానీ మంచివాడి మీద నింద వేసే గ్రాఫు నాకొద్దు.

రాఘవయ్య

కైకలూరు,
6 ఆగస్టు 2025.

పెదనాన్నా,

బాషాగారిని ఎవరూ ఏమీ అనలేదండీ. మీరే అనుకుని మీరే కోప్పడుతున్నారు. మీరు రాసిన వాక్యమే మళ్లీ చదువుకోండి. "వాడిది కొత్త కాటా." కొత్తదా? ఎప్పుడు కొన్నారు? ఒకే చోట, ఒకే వేళకి అన్నారు గాని ఒకే కాటా అనలేదు మీరు!

ఒక్కసారి ఆలోచించండి. పాతదాని లెక్క సరైనదో, కొత్తదాని లెక్క సరైనదో మనకి తెలియదు. ఏది సరైనదైనా సరే, ఫిబ్రవరి దాకా మీరు చదును, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా కూడా మీరు చదును. నాన్నకి అలా జరగలేదు. నాన్న వారం వారం తగ్గారు. మీరు తగ్గటం లేదు పెదనాన్నా.

ఈ ఆదివారం కాటా ఎక్కండి. బాషాగారిని ఏమీ అడగొద్దు. ఆయన ఏం చేస్తారో మొదటి నుంచి చివరి దాకా చూసి, ప్రయోగం రాసినట్టు రాయండి. జెస్సీ ఒక మాట చెప్పమంది. "దూడ ఎక్కకముందు ఖాళీ కాటా మీద అంకె ఎంతుందో చూడమనండి" అంది.

దణ్ణం పెడతాను, చూడండి.

మీ
ప్రసూన

తాడేపల్లిగూడెం,
14 ఆగస్టు 2025.

చిరంజీవి ప్రసూనకు, ఆ జెస్సీకి కూడా, ఆశీస్సులు.

ఆదివారం పొద్దున ఆరున్నరకి బాషా కొట్టుకి వెళ్లాను. నెల తర్వాత కనిపించేసరికి వాడు లేచి ఎదురొచ్చాడు. కాటా ఆ మూలే ఉంది. పాత ఇనుప కాటా తీసేసి ఫిబ్రవరిలో, నేను జ్వరంతో పడుకున్న వారమే ఇది కొన్నాడట. మూల మారలేదు కాబట్టి నా బుర్రలో కాటా కూడా మారలేదు. నా మొహం, ఇలాంటివాణ్ణి పిల్లలకి ప్రయోగాలు నేర్పాను.

ఈ కొత్తదానికి రేకు పళ్లెం చిన్నది. ఉల్లిపాయల బస్తా నిలవడానికి దానిమీద పెద్ద చెక్క వేస్తాడు. ఆ చెక్క బరువు బస్తాలో కలవకుండా పొద్దున్నే చెక్క పెట్టి మీట నొక్కి సున్నా చేస్తాడు. అంతవరకూ బాగానే ఉంది. ఇప్పుడు విను. నేను చెప్పులు విడిచి కాటా దగ్గరకి వచ్చేసరికి, వాడు గబగబా వంగి ఆ చెక్క తీసి పక్కన పెట్టాడు.

"అదెందుకు తీశావురా?" అన్నాను.

"మట్టి, ఉల్లిపొట్టు అంతా అంటుకుని ఉంటుందండి. మీరు కాళ్లు పెట్టేది కదండీ మాస్టారూ. ప్రతివారం తీసేస్తున్నానండి."

అంకె కనిపించే పలక వాడి వైపు తిరిగి ఉంటుంది. నాకు చెప్పినా వినపడదని వాడు అంకె చీటీ మీద రాసి ఇస్తుంటాడు. నేను కాటా ఎక్కకుండా చుట్టూ తిరిగి వాడి వైపుకి వెళ్లాను. ఖాళీ కాటా. పలక మీద మైనస్ ఐదు.

పక్కనున్న బస్తా మీద కూర్చున్నాను. బాషాకి ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక వాడి మొహం చూడాలి. "మీ అంకె చూస్తున్నాను గాని ఖాళీ కాటా ఎవరు చూస్తారండీ!" అని నెత్తి కొట్టుకున్నాడు. చెక్క మళ్లీ వేసి, తన తువ్వాలు నాలుగు మడతలు వేసి దానిమీద పరిచి, ఎక్కమన్నాడు. తువ్వాలు తీయించి ఎక్కాను, మళ్లీ అదో బరువు ఎందుకని. 70.4. తగ్గిన ఆ కాస్తా నేను భయంతో అన్నం మానేసి తగ్గించుకున్నదే.

అమ్మా, ఆ కొట్టులో ఉల్లిపాయల మధ్య కూర్చుని ఏడ్చాను. ఉల్లిపాయల వల్ల కాదు. మీ నాన్న గుర్తొచ్చాడు. బాషా కూడా ఏడ్చాడు. తర్వాత ఇద్దరం చూసుకుని నవ్వుకున్నాం.

వాడు అక్కడితో ఆగితే బాగుండేది. మధ్యాహ్నం క్షమాపణ చెప్పుకోవడానికని ఇంటికొచ్చి మీ పెద్దమ్మ ముందు అంతా కక్కేశాడు. ఆవిడ కాసేపు ఏడ్చి, కాసేపు నన్ను తిట్టి, నిన్ను కూడా కలిపి తిట్టి, ఆ తర్వాత కంచం పెట్టింది. పనసపొట్టు కూరే. రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. బాషాకి కూడా పెట్టింది, వాణ్ణి కూడా తిట్టింది.

అయినా వదల్లేదు. నిన్న బుధవారం పాసింజర్‌లో ఏలూరు లాక్కెళ్లింది. డాక్టరు నెత్తురు తీశాడు, ఫొటోలు తీశాడు, అన్నీ బాగున్నాయన్నాడు. వాళ్ల కాటా మీద 70.8. ఆ కాటా ఖాళీగా ఉన్నప్పుడు ఎంత చూపిస్తోందో ముందే చూశాను. నర్సు వింతగా చూసింది.

నీ పిల్లలకి నిజం చెప్పెయ్యి, దూడని నేనే అని. వాళ్ల గ్రాఫు నా గది గోడకి అంటించాను. ఫిబ్రవరి 16 దగ్గర ఖాళీగా ఉన్నచోట చిన్నక్షరాలతో "కాటా మారింది, చెక్క తీశారు" అని రాశాను. అలా రాస్తేనే అది స్పష్టమైన గ్రాఫు. నా మూడు చుక్కల గీత చింపేశాను. వృత్తలేఖిని పంపుతున్నాను, జెస్సీకివ్వు. నీకింకొకటి కొంటాను.

కొత్త గ్రాఫు కాగితం తీసి మొన్నటి ఆదివారం చుక్క పెట్టాను. అడ్డగీత అలవాటు కొద్దీ డిసెంబరు దగ్గర ఆపబోయాను. చెయ్యి ఒప్పుకోలేదు. దాని కుడిపక్కన ఇంకో కాగితం మైదా ఉడికించి అతికించాను. ఆరాక చూస్తే అదీ చాల్లేదనిపించి, మూడోది తెమ్మని ఇప్పుడే మీ పెద్దమ్మని పంపాను.

నీ ముసలి దూడ
రాఘవయ్య